ఆదివారానికి పదిమంది చాలు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో రక్తదాన శిబిరం ఫొటో ఒకటి వేశారు. అందులో ఎడమవైపు నుంచి నాలుగో మనిషిని నేనే. చేతిలో మామిడి జ్యూసు డబ్బా పట్టుకుని, ఎటు చూడాలో తెలియక కెమెరా పక్కకు చూస్తున్నవాణ్ని. మా మనవరాలు ముచ్చటపడి దాన్ని కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. రోజూ మంచినీళ్ల సీసా తీసేటప్పుడు కనబడుతుంటే ఒక సంగతి పట్టేసింది. ఫొటోలో నిలబడ్డవాళ్లం పదకొండు మందిమి. పడుకున్నవాడు ఒక్కడు. ఆ ఒక్కడి మొహం ముఖ్య అతిథి గారి భుజం వెనకాల పడిపోయింది. చెయ్యి, ఆ చేతికున్న ట్యూబు మాత్రం కనబడుతున్నాయి. ఫొటో కింద అందరి పేర్లూ ఉన్నాయి, ఆ చెయ్యి ఎవరిదో తప్ప.

తప్పు పట్టడానికి రాయడం లేదు. ఆ ఫొటోకి మేమూ పోటీపడి నిలబడ్డాం. కానీ ఆ ఫొటో వెనకాల ఒక లెక్క ఉంది. అది మీ పాఠకులకు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

నాది కోవూరు. కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాను. పద్నాలుగేళ్లుగా మా ఊళ్లో ఒక చిన్న సేవా సంఘంలో తిరుగుతున్నాను. సంఘం అంటే బోర్డు, బీరువా, ఆఫీసు ఊహించుకోకండి. బజారులో టీకొట్టు ముందున్న బల్లే మా ఆఫీసు. వెల్డింగ్ షాపు కుర్రాడు, మెడికల్ షాపాయన, ఇద్దరు టీచర్లు, ఒక ఆటో డ్రైవరు, వరికోత మిషను నడిపే అబ్బాయి, నేను. ఎండాకాలం చలివేంద్రం పెడతాం. నెల్లూరులో రొట్టెల పండగ వచ్చిందంటే స్వర్ణాల చెరువు దగ్గర మంచినీళ్లు అందిస్తాం, తప్పిపోయిన పిల్లల్ని మైకు దగ్గరికి చేరుస్తాం. మిగతా ఏడాది పొడుగునా మా పని రక్తం. అందులో నా వంతు పుస్తకం.

పుస్తకమంటే పొడుగు రూళ్ల పుస్తకం, కిరాణా కొట్లో అప్పులు రాసుకునేలాంటిది. గ్రూపుకి కొన్ని పేజీలు. పేరు, ఫోను, బరువు, ఆఖరిసారి ఇచ్చిన తేదీ. మగవాళ్లకైతే ఆ తేదీకి మూడు నెలలు, ఆడవాళ్లకు నాలుగు నెలలు కలిపి పక్కన పెన్సిలుతో ఇంకో తేదీ రాస్తాను. ఆ లోపల వాళ్లకు ఫోన్ చేయకూడదు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల పేరు రాయను, నలభై ఐదు కిలోలు లేనివాళ్లదీ రాయను. అరవై ఐదు దాటితే గీత కొట్టేస్తాను. నా పేరు మీద గీత పడడానికి ఇంకా రెండేళ్లుంది.

నిజం చెప్పాలంటే మొదటిసారి నేను రక్తం ఇచ్చింది సేవ చేద్దామని కాదు. మే నెల, మధ్యాహ్నం ఎండలో స్తంభాలెక్కే డ్యూటీ. క్యాంపులో రక్తం ఇచ్చినవాళ్లను ఆ పూటకు వదిలేస్తానన్నాడు మా ఏఈ. అంతే, ముందు వరసలో నిలబడ్డాను. రక్తం అమ్ముకునేవాళ్లు ఉన్న కాలం అది. పెద్ద ఆసుపత్రుల గేట్ల దగ్గర బక్కపల్చటి మనుషులు కాసుకుని ఉండేవాళ్లు, డబ్బుకి ఇచ్చి పోయేవాళ్లు. 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక 1998 జనవరి 1 నుంచి ఆ అమ్మకాలు ఆగాలన్నారు. చట్టప్రకారం ఆగాయి. వాటి స్థానంలోకి ఏమొచ్చింది? ‘మీకు రెండు సంచులు ఇవ్వాలంటే మీవాళ్లను ఇద్దర్ని తీసుకురండి’ అనే మాట వచ్చింది. ఉదయగిరి అవతల పల్లె నుంచి భార్యను కాన్పుకి తీసుకొచ్చినవాడు నెల్లూరులో ఏ ఇద్దర్ని తెస్తాడు? వాడు చేసేది ఒక్కటే. మాలాంటి వాళ్ల నంబరు పట్టుకుని రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేస్తాడు.

ఆ ఫోను వచ్చాక మేం చేసే హడావుడి చూస్తే మీకు ముచ్చటేస్తుంది. నేను పుస్తకం తెరుస్తాను. ఒకడు ‘అన్నా, పెళ్లి కుదిరింది, ఇప్పుడు నీరసపడితే ఎట్లా?’ అంటాడు. ఇంకొకడి ఫోను వాళ్లమ్మ ఎత్తి ‘నా బిడ్డే బక్కగా ఉన్నాడు, వాడికే ఎవరన్నా ఎక్కించాల’ అని పెట్టేస్తుంది. ఒకాయనైతే ప్రతిసారీ ‘వస్తున్నా బాబాయ్, దారిలో ఉన్నా’ అంటాడు. పద్నాలుగేళ్లుగా దారిలోనే ఉన్నాడు. చివరికి ఎవరో ఒకరు దొరుకుతారు. ఆటో మాట్లాడి పెన్నా బ్రిడ్జి దాటిస్తాం. మర్నాడు వాట్సాప్‌లో ‘అర్ధరాత్రి ఆపద్బాంధవులు’ అని మా ఫొటో తిరుగుతుంది.

మాకు గర్వంగానే ఉంటుంది. కానీ ఆ మంచం మీద నుంచి దాత లేవగానే ఆ సంచీ తీసుకెళ్లి రోగికి ఎక్కించరు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, సిఫిలిస్, మలేరియా, ఈ ఐదు పరీక్షలూ చేయాలి. గ్రూపు చూడాలి, రోగి రక్తంతో కలిపి సరిపోతుందా అని చూడాలి. దానికి గంటలు పడుతుంది. అప్పటికప్పుడు కావలసినవాడికి పనికొచ్చేది ముందే పరీక్షలన్నీ అయిపోయి ఫ్రిజ్‌లో ఉన్న సంచీ. మేం అర్ధరాత్రి పరుగెత్తి ఇప్పించింది చాలాసార్లు వాడేసిన సంచీకి బదులు లెక్క. గాలివాన మొదలయ్యాక ఫ్యూజు వైరు కొనడానికి బజారుకు పోయే లైన్‌మ్యాన్‌ను ఏమంటారు? మమ్మల్నీ అదే అనాలి.

ఇది నాకు బాగా తెలిసొచ్చింది 2021 నవంబరు 20న. ఆ పెన్నా వరద మీ పాఠకులెవరూ మరిచిపోయి ఉండరు. సోమశిల నుంచి వచ్చిన నీళ్లకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు మునిగాయి, హైవే తెగింది, రైళ్లు ఆగిపోయాయి. మా ఊళ్లో మోకాలి లోతు నీళ్లలో నిలబడి గేదెల్ని తోలుతున్నాను. అప్పుడు ఫోను. అవతల మనిషి ఏడుస్తూ మాట్లాడుతున్నాడు. నెల్లూరులో వాళ్ల చెల్లెలికి కాన్పు కష్టమైంది, ఓ నెగటివ్ కావాలి. నా పుస్తకంలో ఓ నెగటివ్ వాళ్లు నలుగురే. అందులో ఇద్దరు కోవూరులో, అంటే నీళ్లకు ఇవతల. ఒకడు హైదరాబాదులో. ఇంకొకరు టీచరమ్మ, పదమూడు రోజుల కిందే ఇచ్చింది. అంటే ఆమెను అడగడానికి లేదు. ఇక్కడున్న ఇద్దరినీ ఏటి మీదుగా ఎగరేయలేను గదా.

పుస్తకం చేతిలో పెట్టుకుని ఊరికే నిలబడ్డాను. ఏం చేయాలో తోచక బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్‌కు చేశాను. అతను రెండు నిమిషాలు ఆగమని వెళ్లి వచ్చి, ‘ఒకటి ఉంది లే అన్నా, ఇచ్చేస్తున్నాం’ అన్నాడు. ఆ సంచీ ఎవరిదో వాళ్లు చెప్పరు, చెప్పకూడదు కూడా. మా టీచరమ్మ దీపావళి అయిన మూడో రోజు, నవంబరు 7 ఆదివారం, ఇంట్లో మిగిలిన స్వీట్ల డబ్బా సిబ్బందికని పట్టుకెళ్లి, రక్తం ఇచ్చి, బస్సులో వచ్చేసింది. ఆ రోజు ఎవరికీ ఆపద లేదు. ఎవరూ అడగలేదు. ఫొటో లేదు. ఆ సంచీ ఆమెదేనని నేను రుజువు చేయలేను. కానీ ఆమెకు ఇప్పటికీ కనిపించినప్పుడల్లా చేతులెత్తి దండం పెడతాను, ‘మళ్లీ మొదలుపెట్టారా అన్నయ్యా’ అని విసుక్కుంటుంది.

ఇక ఆ లెక్క. రెండేళ్ల కింద మార్చి 25న మా చుట్టుపక్కల ఒక పెద్దమనిషి పుట్టినరోజని భారీ శిబిరం పెట్టారు. టెంట్లు, డీజే, బిర్యానీ పొట్లాలు. సాయంత్రానికి రెండొందల పైచిలుకు సంచులు. మా సంఘం నుంచే ముప్పైమందిని తోలుకెళ్లాం. రక్తాన్ని విడదీస్తే వచ్చే ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవవు. వాటిని ఫ్రిజ్‌లో కూడా పెట్టరు, గది చల్లదనంలో ఊయలలాంటి మిషను మీద పెట్టి రాత్రింబగళ్లు ఊపుతూనే ఉంటారు. డెంగీ సీజను కాని మార్చి నెలలో అన్ని ప్లేట్‌లెట్లు ఐదు రోజుల్లో ఎవరికెక్కిస్తారు? ఎర్రకణాలు కొంచెం నయం, మంచి సంచీలో పెడితే 42 రోజులు. మార్చి 25కి 42 రోజులు కలపండి. మే 6. అదే దాతలకు మూడు నెలలు కలపండి. జూన్ 25.

మే 6 నుంచి జూన్ 25 దాకా ఏముంది? ఫ్రిజ్‌లో ఆ సంచులు లేవు, ఊళ్లో ఇచ్చేవాళ్లు లేరు. మధ్యలో రోహిణి కార్తె. కాలేజీలకు సెలవులు, పిల్లలంతా ఊళ్లకు పోయారు. కోతలైపోయి కూలీలు వలస పోయారు. ఆ మే నెలలో హైవే మీద ఒక కుర్రాడికి యాక్సిడెంటైతే బీ పాజిటివ్ కోసం పదిహేడు మందికి ఫోన్ చేశాను. మామూలుగా అడగ్గానే దొరికే గ్రూపు అది. పదిహేడు మందిలో పదకొండు మంది ఒకే మాట అన్నారు: ‘మొన్న పుట్టినరోజుకి ఇచ్చాను కదన్నా.’

శిబిరంలో వచ్చిన రక్తమంతా వృథా అయిందని నేను అనడం లేదు. చాలావరకు వాడారు, కొంత వేరే ఊళ్ల బ్లడ్ బ్యాంకులకు పంపారు. శిబిరాలు అసలు వద్దనీ అనను. నేనే శిబిరం నుంచి వచ్చినవాణ్ని, కొత్తవాళ్లకు సూది భయం పోయేది పదిమంది మధ్యలోనే. కానీ అదే రెండొందల మందిని పదమూడు ఆదివారాలకు పంచితే వారానికి పదిహేను మంది. మూడు నెలలు తిరిగేసరికి మొదటి పదిహేను మంది మళ్లీ సిద్ధం. ఏడాదంతా ఫ్రిజ్ ఖాళీ కాదు. ఈ మాట ఆ శిబిరం పెట్టినవాళ్లతోనే అన్నాను. ఒకాయన మొహమాటం లేకుండా చెప్పాడు: ‘బానే ఉంది గానీ, మరి ఫొటో ఎప్పుడు తీసేది?’ ఆయన నిజాయితీ నాకు నచ్చింది.

మేమైతే మానేశాం. అంటే పెద్ద శిబిరాలకు మనుషుల్ని తోలడం తగ్గించి, ఆదివారం పదిమంది అని పెట్టుకున్నాం. పదిమంది కోసం బ్లడ్ బ్యాంకు వాళ్లు బండేసుకుని రాలేరు కాబట్టి మేమే రెండు ఆటోల్లో నెల్లూరు పోతాం. మా డ్రైవరు పెట్రోలు డబ్బులు మాత్రం తీసుకుంటాడు. బోలెడు పని ఉంటుందనుకునేరు, ఏమీ ఉండదు. కూర్చోవడం, పేపరు చదవడం, ఇచ్చినవాళ్లు పావుగంట కదలకుండా చూడడం. కొత్త కుర్రాళ్లు వెంటనే లేచి హీరోల్లా నడుస్తారు, గుమ్మం దగ్గర కళ్లు తిరుగుతాయి. అలా పడబోయినవాణ్ని పట్టుకున్నందుకు ఒకసారి నా కళ్లజోడు విరిగింది.

అక్కడ చూసిందొకటి చెప్పాలి. సూది గుచ్చేముందు వేలి కొసన ఒక చుక్క తీస్తారు. ఒక చిన్న గాజు గ్లాసులో నీలం రంగు నీళ్లుంటాయి. అది మైలుతుత్తం నీళ్లే, మన నిమ్మతోటల రైతులకు చెప్పక్కర్లేదు. రక్తం చుక్కను అందులో వదులుతారు. చుక్క తిన్నగా అడుక్కి దిగితే ఒంట్లో రక్తం సరిపోయినట్టు, అంటే హిమోగ్లోబిన్ పన్నెండున్నరకు తగ్గలేదని. కాసేపు దిగినట్టే దిగి ఆగిపోయి పైకి తేలిందా, ఆ మనిషిని తీసుకోరు. మా వీధిలో నాట్లకు పోయే ఒకావిడ తన కొడుక్కి ఎప్పుడో ఎవరో రక్తం ఇచ్చారని, తానూ ఇస్తానని పట్టుబట్టి వచ్చింది. జాకెట్టు చేతులు పైకి మడుచుకుని సిద్ధంగా కూర్చుంది. చుక్క తేలింది. రెండోసారి వేశారు. మళ్లీ తేలింది. మిషను మీద చూస్తే తొమ్మిది లోపు. ఆవిడ ఆ గ్లాసు వైపే చూస్తూ, ‘నా రకతం మునగలేదంటే నాకేమన్నా రోగముందా అన్నా?’ అంది. రోగం కాదమ్మా, తిండి చాల్లేదంతే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా టీచరమ్మే పక్కకు తీసుకెళ్లి మాట్లాడింది. ఏఎన్ఎమ్మమ్మ దగ్గర ఐరన్ మాత్రలు ఇప్పించాం. అప్పటినుంచి ఆడవాళ్లెవరు వస్తామన్నా ముందు పీహెచ్‌సీలో రక్తం చూపించుకు రమ్మంటున్నాం. తేలిన చుక్కలు ఎన్నని ఆ పుస్తకం వెనక పేజీల్లో రాస్తున్నాను. ఆ లెక్క చూస్తే ఇవ్వమని అడగడానికే సిగ్గేస్తుంది ఒక్కోసారి.

‘మేం ఊరికే ఇస్తే వాళ్లు అమ్ముకుంటారు’ అనేవాళ్లకు రెండు ముక్కలు. తీసుకునేది రక్తం ధర కాదు. సంచీకి, పరీక్షలకు, నిలవ ఉంచడానికి అయ్యే చార్జీ, దానికీ ప్రభుత్వం పరిమితి పెట్టింది. తలసీమియా పిల్లలకు అది కూడా తీసుకోకూడదు. రెండు మూడు వారాలకొకసారి బడి మానేసి వచ్చి రక్తం ఎక్కించుకుని పోయే పిల్లలు వాళ్లు. వాళ్లకు పుట్టినరోజులతో, జయంతులతో పనిలేదు, తేదీ వస్తే సంచీ ఉండాలి.

వాట్సాప్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2019లో ఒక పాపకు ఏ పాజిటివ్ కావాలని నా నంబరుతో ఒక మెసేజి పెట్టాం. తేదీ వేయలేదు, అది మా తెలివితక్కువతనం. పాప నాలుగు రోజుల్లో ఇంటికి పోయింది, ఇప్పుడు బళ్లో చదువుతోంది. మెసేజి మాత్రం ఇంకా ఊళ్లు తిరుగుతోంది. మొన్న సంక్రాంతి రాత్రి కడప నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేసి ‘అన్నా, బండేసుకుని బయల్దేరమంటారా?’ అన్నాడు. బతిమాలి ఆపాను. వాడి పేరు, గ్రూపు రాసుకుని, కడపలోనే ఇయ్యి నాయనా అని చెప్పాను. దయచేసి ఎవరైనా ఇలాంటి మెసేజి పంపితే తేదీ, టైము, ఆసుపత్రి పేరు లేకుండా ముందుకు తోయకండి. రక్తం దొరికాక దొరికిందని కూడా చెప్పండి.

అసలు విషయం, సంపాదకులు గారూ, మిమ్మల్ని అడగవలసింది. సోమశిలలో ఎన్ని టీఎంసీలున్నాయో మీరు వేస్తారు. రైతు దాన్ని చూసుకుని నారు పోసుకోవాలా వద్దా అని ఆలోచించుకుంటాడు. నిమ్మకాయల ధర వేస్తారు. బంగారం ధర వేస్తారు. అదే మూలన, శనివారం శనివారం, నాలుగు లైన్లు: జిల్లాలోని బ్లడ్ బ్యాంకుల్లో ఏ గ్రూపు తగ్గింది, ఆదివారం ఎన్ని గంటలదాకా తీసుకుంటారు, ఏ నంబరుకి ఫోన్ చేయాలి. స్టాకు వివరాలు ఈ-రక్తకోశ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో పెడతారని నాకు తెలుసు, మా వెల్డింగ్ కుర్రాడు చూపించాడు. కానీ మా టీకొట్టు బల్ల మీద కూర్చునేవాళ్లు చూసేది వెబ్‌సైటు కాదు, మీ పేపరు. అది కూడా పదిమంది చేతులు మారి, టీ మరకలు పడ్డ పేపరు. ‘ఓ నెగటివ్: రెండు సంచులు’ అని అచ్చులో చూస్తే ఆ గ్రూపువాడికి తన గురించే రాసినట్టుంటుంది. నేను చేసే పదిహేడు ఫోన్లలో సగం తప్పుతాయి.

శిబిరాల ఫొటోలు వేయొద్దనను, మా మనవరాలు ఒప్పుకోదు. వేసేటప్పుడు మాత్రం మీ ఫొటోగ్రాఫర్‌ని మంచానికి అటువైపు నిలబడమనండి. కింద అతిథుల పేర్లతో పాటు, ఆ ఊళ్లో మళ్లీ రక్తం తీసుకునేది ఎప్పుడో తేదీ అడిగి వేయండి. తేదీ చెప్పలేనివాళ్లకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ఉండనివ్వండి.

ఈ ఆదివారానికి నా దగ్గర తొమ్మిది పేర్లున్నాయి. వెల్డింగ్ కుర్రాడికి మూడు నెలలు శుక్రవారంతో నిండుతాయి. కోత మిషను అబ్బాయి ఆత్మకూరు వైపు పనిలో ఉన్నాడు, శనివారం రాత్రికి వస్తానన్నాడు. ఎప్పుడూ ‘దారిలో ఉన్నా బాబాయ్’ అనే ఆయన కూడా ఈసారి ఒట్టేశాడు గానీ ఆయన్ని నేను లెక్కేసుకోలేదు. పదో మనిషి ఎవరైనా మీ పాఠకుల్లో ఉంటే, కోవూరు బజారులో టీకొట్టు దగ్గర ఆటో ఏడున్నరకు బయలుదేరుతుంది. ఇడ్లీలో దోసెలో తినే రావాలి, ఖాళీ కడుపుతో వస్తే వెనక్కి పంపేస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లైన్‌మ్యాన్,
కోవూరు, నెల్లూరు జిల్లా.